గురుణ్ణి దాటి వెళ్ళేవారికి కొన్ని సూచనలు

గురుడికి (బృహస్పతికి), శనికి, వీలైతే ఇంకా అవతలికి మనిషి లేని నౌకను పంపాలని మీరు అనుకుంటున్నట్టు తెలిసింది. సంతోషం. నేను రెండు ఇళ్ళు కట్టించాను, మూడు పెళ్ళిళ్ళు దగ్గరుండి జరిపించాను. ఎక్కడా ముందుగా జాబితా రాసుకున్న పాపాన పోలేదు. అన్నీ అవే అయ్యాయి. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను, రాసుకోనక్కర్లేదు, వింటే చాలు.

ముందు ముహూర్తం సంగతి. నేను హేతువాదిని. గ్రహాలు ఏ ఇంట్లో ఉన్నాయో చూసుకుని ప్రయాణం పెట్టుకోవడం నాకు గిట్టదు. అంతటి అమెరికావాళ్ళు కూడా ఈ చాదస్తంలో పడ్డారు! 1965లో పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో గేరీ ఫ్లాండ్రో అనే కుర్రవాడు కూర్చుని లెక్కలు వేశాడు. 1970ల చివరికి గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ నాలుగూ ఒక పక్కకు చేరుతున్నాయనీ, ఈ యోగం సుమారు 176 ఏళ్ళకోసారి గానీ రాదనీ తేల్చాడు. మొదటి గ్రహం తన ఆకర్షణతో నౌకను విసిరితే రెండోది అందుకుని మూడోదాని వైపు విసురుతుంది. అలా వెళ్తే 30 ఏళ్ళు పట్టే నెప్ట్యూన్ ప్రయాణం 12 ఏళ్ళలో అయిపోతుంది. ఆ లెక్క పట్టుకుని 1977 ఆగస్టు 20న వాయేజర్ 2నీ, సెప్టెంబరు 5న వాయేజర్ 1నీ సాగనంపారు. (అవును, రెండోదే ముందు వెళ్ళింది. ఒకటోది దారిలో దాన్ని దాటి గురుడి దగ్గరికి ముందు చేరుతుందట. పెళ్ళిలో రెండో బంతికి ముందు వడ్డించినట్టుంది వ్యవహారం.) మీరు ఇంత హడావుడి పెట్టుకోకండి. ఒక బస్సు పోతే ఇంకోటి వస్తుంది. తరవాతి బస్సు 2150 దాటాక ఉంది.

ఇక కరెంటు. సూర్యుడు ఎక్కడైనా సూర్యుడే. గురుడి దగ్గర ఎండ మనకు తగిలేదాంట్లో 25వ వంతు, నెప్ట్యూన్ దగ్గర 900వ వంతు అంటూ ఇంజనీర్లు భయపెడతారు. మా పెరట్లో వేపచెట్టు నీడన కూడా బట్టలు ఆరుతున్నాయి కదా! 2011లో బయల్దేరిన జూనో నౌక ఒక్కొక్కటి 9 మీటర్ల పొడవున్న మూడు సోలార్ ప్యానెళ్ళు మోసుకుని గురుడి దగ్గరికి పోయింది. అక్కడ దానికి దక్కింది సుమారు 500 వాట్లు. మా ఇంట్లో మిక్సీకి ఆ మాత్రం కావాలి. మరీ దూరం వెళ్ళేవాళ్ళు ప్లుటోనియం 238 అనే కుంపటి పెట్టుకుంటారు. తనంతట తాను వేడెక్కే ఆ లోహం దాదాపు 88 ఏళ్ళకు సగానికి తగ్గుతుంది. వాయేజర్లు దానితోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాయి. ఈ సరుకు తయారీని అమెరికా 1988లో ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టేసరికి పాతికేళ్ళు దాటింది. నాకు నచ్చిన పద్ధతి ఇదే. డబ్బా అడుగంటాకే కదా మనం కందిపప్పుకు బయల్దేరేది.

నూనె, గ్రీజు వంటి చిల్లర విషయాలకు మీ విలువైన సమయం వృథా చేయకండి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. గురుడి దగ్గరికి పంపడానికి గెలీలియో అనే నౌకను చేశారు. దాని పెద్ద యాంటెనా 4.8 మీటర్ల గొడుగు. షటిల్‌లో పట్టడానికి మడిచిపెట్టారు. 1986లో వెళ్ళాల్సింది, ఆ జనవరిలో ఛాలెంజర్ షటిల్ పేలిపోవడంతో ఆగిపోయింది. గొడుగు మడతలోనే ఏళ్ళు గడిపింది. కాలిఫోర్నియాకీ ఫ్లోరిడాకీ మధ్య లారీల్లో తిరిగింది. ఆ కుదుపులకు ఊచల దగ్గర పొడి కందెన అరిగిపోయి ఉంటుందని తరవాత తేల్చారు. బయల్దేరేముందు మళ్ళీ పూశారా అంటే, లేదు. అంతకుముందు బాగానే తెరుచుకుంది కదా! నేనూ అలాగే చేసేవాణ్ణి.

1989 అక్టోబరులో నౌక వెళ్ళింది. 1991 ఏప్రిల్‌లో గొడుగు తెరవమన్నారు. కొన్ని ఊచలు కదలలేదు. నౌకను ఎండకు తిప్పి వేడెక్కించారు, నీడకు తిప్పి చల్లార్చారు, మోటారును వేలసార్లు తట్టితట్టి చూశారు. చివరిదాకా తెరుచుకోలేదు. సెకనుకు 1,34,000 బిట్లు పంపాల్సిన నౌక చిన్న యాంటెనాతో పది, పదహారు బిట్ల దగ్గర కూలబడింది. నిమిషంలోపు రావలసిన ఫోటోకు రోజులు పట్టే పరిస్థితి. వాళ్ళేమో అంత దూరాన ఉన్న నౌకలో కొత్త ప్రోగ్రాములు ఎక్కించి, బొమ్మలను కుదించి, టేపు మీద దాచి, బొట్టుబొట్టుగా దించుకుని అనుకున్న పనిలో చాలావరకు లాగించారు. ఇంత తెలివి ఉందని ఎలా తెలిసేది, గ్రీజు పూసి ఉంటే?

మా ఇంటి గేటు గడియకు కూడా నేను పదేళ్ళుగా నూనె వేయలేదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

రిహార్సళ్ళు వద్దు. శని చందమామ టైటన్ మీద దిగడానికి హైగెన్స్ అనే చిన్న నౌకను కాసినీ అనే పెద్ద నౌక మోసుకెళ్ళింది. చిన్నది చెప్పేది పెద్దది విని మనకు చేరవేయాలి. మీదికొచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది కదా, ఆ తేడాకు తగ్గట్టు సర్దుకోవడం కాసినీ రేడియోకు రాదు. ఈ సంగతి 1997లో అది వెళ్ళేముందు ఎవరూ పరీక్షించలేదు. 2000లో బోరిస్ స్మెడ్స్ అనే ఇంజనీరు ఊరుకోకుండా, భూమి నుంచి అచ్చం హైగెన్స్‌లాగే సంకేతాలు పంపి చూశాడు. కాసినీకి ముక్క అర్థం కాలేదు. అంతే, ప్రయాణపు దారే మార్చుకోవాల్సి వచ్చింది. హైగెన్స్ దిగడం దాదాపు రెండు నెలలు వెనక్కిపోయి 2005 జనవరి 14న జరిగింది. పని లేనివాణ్ణి ఖాళీగా ఉంచితే ఇలాగే తప్పులు వెతుకుతాడు. ఇంత చేసినా, ఆ రోజు రెండు చానెళ్ళలో ఒకదాన్ని ఆన్ చేయమనే ఆదేశం రాయడం మరిచారు. ఫోటోల్లో దాదాపు సగం గాలిలో కలిశాయి. చూశారా, ఎంత సిద్ధపడ్డా పోయేది పోతుంది. మరి సిద్ధపడడం దేనికి?

పాత కాయితాలు పాతసామాన్లవాడికి వేసేయండి. 2023 నవంబరులో వాయేజర్ 1 అర్థంపర్థం లేని అంకెలు పలవరించింది. చిప్పు ఒకటి పోయింది. అప్పటికి నౌక వయసు 46 ఏళ్ళు. దాన్ని చేసినవాళ్ళలో చాలామంది లేరు. ఇక్కడి నుంచి ప్రశ్న చేరడానికి 22 గంటలకు పైగా, జవాబుకు మరో అంత. కుర్రాళ్ళు దశాబ్దాల నాటి పత్రాలు దుమ్ము దులిపి, ఆ చిప్పులోని ప్రోగ్రామును ముక్కలు చేసి వేరే మూలల్లో సర్ది, 2024 ఏప్రిల్‌కి మళ్ళీ మాట్లాడించారు. కాయితాలు లేకపోయి ఉంటే ఈ ఐదు నెలల యాతన ఉండేదా?

పరువుతక్కువ పనులు మాత్రం చేయకండి. గురుడి చుట్టూ రేడియేషన్ అనుకున్నదానికన్నా ఘోరంగా ఉందని 1973లో పయనీర్ 10 నౌక చెప్పింది. దాంతో వాయేజర్ వైర్లకు వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చుట్టారు. కొట్లో కొన్నదే. అది పనిచేసిందన్నది వేరే విషయం.

పని అయిపోయిన నౌకను ఎక్కడిదక్కడ వదిలేయండి. యూరోపా, ఎన్సెలాడస్ చందమామల మీద మన సూక్ష్మజీవులు పడతాయేమోనన్న శంకతో గెలీలియోను 2003లో గురుడిలోకి, కాసినీని 2017లో శనిలోకి తోసి దహనం చేశారు. మన వీధి చివర పాత అంబాసిడర్ ఇరవై ఏళ్ళుగా ఉంది, ఎవరికేం ఇబ్బంది వచ్చింది?

వాయేజర్లలో బంగారుపూత రికార్డు కూడా పెట్టారు. 55 భాషల్లో పలకరింపులు. అందులో తెలుగూ ఉంది. ఎవరో ఒక్క ముక్కలో నమస్కారం, శుభాకాంక్షలు చెప్పి ముగించారు. ఊరైనా చెప్పలేదు. వినేవాళ్ళు ఏమని అనుకుంటారు? మీరు రికార్డు చేసేటప్పుడు నన్ను పిలవండి. ఒక అరగంట చాలు.

గేటు సంగతి చెబుతానన్నాను. మూడు రోజులుగా గడియ బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. ఎండలో మరుగునీళ్ళు పోశాను, సుత్తితో తట్టాను. ఈ కాగితాన్ని గోడ మీదుగా పాలబ్బాయికి అందిస్తున్నాను, పోస్టులో వేస్తాడు. వెల్డింగు షాపతను సాయంత్రం వస్తానన్నాడు.