ఒళ్లు వంచకుండా పూలతోట

కొత్తిల్లు కట్టారు. ముందు రెండు సెంట్ల జాగా, దాన్నిండా గడ్డి. ఇంట్లో అందరూ కలిసి ‘తోట వేద్దాం’ అని తీర్మానించి, పని మీ నెత్తిన పెట్టారు. కంగారు పడకండి. చెమట చుక్క రాలకుండా, మాట పడకుండా, ఏడాది తిరిగేలోగా ఈ గొడవ వదిలించుకునే పద్ధతి ఉంది.

1. ముందు ప్లాన్ గీయండి. ఎండ ఎటు పడుతుంది, వాననీళ్లు ఎక్కడ నిలుస్తాయి లాంటి వివరాల జోలికి పోవద్దు. ఫౌంటెన్, ఉయ్యాల, వంపులు తిరిగిన బాట గీయండి. మొక్కలకు చోటు మిగలకపోతే దాన్ని డిజైన్ అంటారు. ఎవరైనా అడిగితే ‘ప్లానింగ్ నడుస్తోంది’ అనండి. ఓ వానాకాలం హాయిగా గడిచిపోతుంది.

2. గడ్డి పీకించకండి, దున్నించేయండి. గరిక కణుపు కణుపుకీ వేరు పోస్తుంది. తుంగ భూమిలో గడ్డలు దాచుకుంటుంది. రోటవేటరు ఈ రెంటినీ ముక్కలు చేసి జాగా అంతా సమంగా పరిచేస్తుంది, కూలీ లేకుండా నాట్లు పడ్డట్టే. నాలుగు చినుకులు పడగానే పచ్చబడుతుంది. ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో ‘విత్తనాలు మొలిచాయి’ అని పెట్టండి. దగ్గర్నుంచి తీయకండి.

3. ఇల్లు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు, టైల్స్ ముక్కలు ఎత్తించడం దండగ. పైన నాలుగు వేళ్ల మందాన ఎర్రమట్టి పోయించండి, కంటికి ఇంపుగా ఉంటుంది. సిమెంటులోని సున్నానికి నేల చౌడుబారినట్టయి, ఇనుము అందక లేతాకులు పసుపెక్కుతాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. ‘ఈ వెరైటీయే అంత, ఖరీదెక్కువ’ అని చెప్పండి.

4. మొక్కల కోసం కడియం వెళ్లండి. కడియపులంకలో రోడ్డుకి అటూ ఇటూ నర్సరీలే. మృగశిర వచ్చి తొలకరి పడేదాకా ఆగడం చాదస్తం. రోహిణి కార్తెలో వెళ్తే బేరానికి పోటీ ఉండదు. మొక్క ఎండిపోయినా రోళ్లు పగిలే ఎండలంటూ నెపం సిద్ధంగా ఉంటుంది. విరగబూసినవీ, వేళ్లు కవరు అడుగున చుట్టలు చుట్టుకున్నవీ ఏరండి. పేర్లు రాసుకోవద్దు. పేరు తెలిస్తే ఎలా పెంచాలో కూడా తెలుసుకోవాల్సి వస్తుంది.

5. పాతేటప్పుడు నల్ల కవరు తీయకండి. చేతికి మట్టి అంటదు, రేపు పీకెయ్యడమూ తేలిక. మామిడికి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తీయాలనీ, చెట్టుకీ చెట్టుకీ పది మీటర్లు ఎడం ఉండాలనీ వ్యవసాయం చదివినవాళ్లు అంటారు. రెండు సెంట్లంటే ఎనభై చదరపు మీటర్లు. వాళ్ల లెక్కన ఒక్క చెట్టుకే చాలదు. మీరు తొమ్మిది పెట్టండి, ప్రహరీగోడకి జానెడు దూరంలో. గోడ బీటలు తీసేనాటికి పిల్లలు పెద్దవాళ్లవుతారు, వాళ్లు చూసుకుంటారు.

6. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. పిసినారితనం వద్దు. మిట్టమధ్యాహ్నం, తడి లేని నేలలో, కాండానికి ఆనించి గుప్పెడేసి పోయండి. ఆకుల అంచులు మాడితే ‘దిష్టి తగిలింది’ అని గేటుకి బూడిదగుమ్మడికాయ కట్టండి. గుమ్మడికాయ కూడా తోట లెక్కలోకే వస్తుంది.

7. నీళ్లు పోసే పని ఫలానావారిదని తేల్చకండి. ఆవిడ పోశారని మీరు, మీరు పోశారని ఆవిడ, ఇద్దరూ పోసి ఉంటారని పనిమనిషి అనుకుంటే చాలు.

8. మందారానికి తెల్లటి పిండినల్లి పట్టి, కొమ్మ వెంట చీమలు బారులు తీరితే ముట్టుకోకండి. తేనెలాంటి జిగురు కోసం చీమలే పిండినల్లిని కాపాడుకుంటాయి. తోటకి జీతం లేని వాచ్‌మన్లు దొరికారు.

9. పక్కింటివాళ్ల మందారం కొమ్మ గోడ మీదుగా మన వైపు వంగుతుంది. ఉతికిన చొక్కా వేసుకుని దాని పక్కన నిలబడండి. ఫొటోలో గోడ పడకుండా చూసుకోండి.