పాతాళగంగ దాకా మోసిన కరెంటు

ఇన్వర్టర్ల పుణ్యమా అని నంద్యాల జిల్లాలో బ్యాటరీ మీద సలహా చెప్పలేని మనిషి లేడు. ఆళ్లగడ్డలో ఉండే మా బావమరిది, చేపల లైసెన్సున్న స్నేహితుడితో పొత్తు కలిపి, శ్రీశైలంలో ఓ పాత ఫైబర్ పడవ కొని, దానికి కరెంటు మోటారు బిగిస్తానన్నప్పుడు ఆ సలహాలకు గేట్లెత్తేశారు.

"2024 నవంబర్లో ముఖ్యమంత్రి విజయవాడ నుంచి సీప్లేన్‌లో వచ్చి పాతాళగంగలో దిగినాడు కదా. ఆడ నా పడవ తిరగదా బావా?" అన్నాడు. ఆ విమానం బ్యాటరీతో ఎగరలేదని చెప్పినా వినే రకం కాదు.

ట్రాక్టర్ బ్యాటరీ చాలన్నాడు వాళ్ల పెదనాన్న. అది ఇంజను అందుకునే ఆ కాసేపూ వందల ఆంపియర్లు విసిరేసి, తర్వాత కాళ్లు బారచాపుకుంటుంది. పడవ మోటారుకు గంటల తరబడి నిదానంగా ఇచ్చేది కావాలి. టికెట్టు కొని దర్శనానికి పరిగెత్తేవాడికీ, ఉగాదికి నల్లమల అడవిలో నడిచొచ్చే కన్నడ భక్తుడికీ ఉన్నంత తేడా.

అలా ఇంట్లోని 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ పడవెక్కింది. ఇంట్లో ఫ్యాను ఆగింది, వాడి భార్య మాటలు కూడా ఆగాయి. లెక్క మాత్రం ఘనంగా ఉంది. 12 వోల్టుల మోటారు ఫుల్ స్పీడులో 50 ఆంపియర్లు లాగుతుంది, అంటే మూడు గంటలు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, అంటే గంటన్నర. అంత గట్టిగా లాగితే అదీ ఇవ్వదు. నెమ్మదిగా పోతే చాలాసేపు వస్తుందన్న ముక్క ఒక్కటే మావాడి చెవికెక్కలేదు.

ఇక ఏ క్యాటలాగులోనూ వేయని లెక్క. శ్రీశైలం డ్యాము నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలం 850 కిందికి జారితే, నీళ్లు మెట్లు దిగి బురద దాటి ఎక్కడో ఉంటాయి. చార్జింగ్ కొండమీద, పడవ కింద, మధ్యలో యాసిడ్‌తో కలిపి యాభై కిలోలు దాటే పెట్టె. రోప్‌వే దగ్గర నిలబడి దీనికి పెద్దల టికెట్టా, పిల్లల టికెట్టా అని మావాడు నిజంగానే ఆలోచించాడు. చివరికి చెరో పక్క తాడు పట్టుకుని మెట్లు దిగాం. పెట్టెకు విభూతి, కుంకుమ దట్టంగా పెట్టి ఉన్నాడేమో, ఎదురొచ్చిన ముసలమ్మ పక్కకు తప్పుకుని దండం పెట్టింది.

వైరింగు ఇంకో కథ. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చాడు. బ్యాటరీ పడవ ముక్కున, మోటారు తోకన. రానూపోనూ ఆరు మీటర్లు. 50 ఆంపియర్లు ఆ సన్నవైరులో పోతే పన్నెండు వోల్టుల్లో రెండు దారిలోనే హారతి, వైరు కాలడం అదనం. 16 చదరపు మిల్లీమీటర్లది తెప్పించి, ప్లస్ దగ్గరే ఫ్యూజు వేయించాను. "రెండు బ్యాటరీలు వరసగా కలిపితే స్పీడు డబుల్ కదా?" అన్నాడు. ప్లస్సుకు మైనస్ కలిపితే 24 వోల్టులు, 12 వోల్టుల మోటారుకు అదే ఆఖరి స్పీడు. ఎక్కువసేపు కావాలంటే ప్లస్సుకు ప్లస్, మైనస్‌కు మైనస్. అదీ ఒకే వయసు బ్యాటరీలైతేనే. పాతది కొత్తదాన్ని తన స్థాయికి దించేస్తుంది. పానా పట్టే ముందు చేతి రాగికడియం తీయించాను. టెర్మినల్ మీద నిమ్మకాయ పెట్టబోతే, అదీ యాసిడేరా అన్నాను.

చివరికి నడుములే లిథియం కొనిపించాయి. 100 ఏహెచ్‌దైనా పన్నెండు కిలోలే, దాదాపు అంతా వాడుకోవచ్చు. దానికి తగ్గ చార్జరు వేరే కొనాలి. పైగా లెడ్ యాసిడ్ మూలుగుతూ ఆగుతుంది, ఇది చెప్పాపెట్టకుండా ఆగుతుంది. కాబట్టి తెడ్డు తప్పదు. ట్యూబులర్ ఇంటికెళ్లింది, ఫ్యాను తిరిగింది.

ఆ రాత్రే ఫోను.

"బావా, ముందర బరువు లేక పడవ ముక్కు పైకి లేస్తాంది. ఆదివారం నువ్వొచ్చి ఆడ కూర్చో."

"నేను యాభై కిలోలు కాదు కదప్పా, ఎనభై."

"పర్వాలేదులే బావా. నిన్ను మోసే పన్లేదు, నువ్వే దిగొస్తావు కదా."