బొత్తాం పరాక్రమం

మే నెల, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. బెజవాడ ఎండ మేడమీది ట్యాంకులో నీళ్లను కషాయంలా కాస్తున్న ఘడియలో, ఏడాదిగా బీరువా వెనక అజ్ఞాతవాసం చేస్తున్న క్యారమ్స్ బోర్డు లోకానికి దర్శనమిచ్చింది. ముందు బామ్మర్ది, వెనక మేనల్లుడు బోయీలై మోస్తుండగా, సాలెగూళ్ల మేలిముసుగు కప్పుకుని, పల్లకీ ఎక్కిన పెళ్లికూతురిలా అది హాల్లోకి విజయం చేసింది. ఛత్రచామరాలకు లోటు రాకుండా పాత బనీను గుడ్డ విసురుతూ నేను పక్కన నడిచాను. "ఎడమకి... ఎడమకి... గుమ్మం, గుమ్మం!" అని బావగారు వందిమాగధుల వంతు ఒక్కరే నిర్వహించారు.

ఈ చెక్కకింత వైభవమా అని మీరడగవచ్చు. నా గదిలో మూడు అరల నిండా ముప్ఫయ్యేళ్ల దిగ్విజయయాత్రలో గెలుచుకొచ్చిన కప్పాలున్నాయి. సెల్లోటేపు కట్టుతో ఊపిరి నిలుపుకుంటున్న బ్రిక్ గేము ఉంది. నోటితో ప్రాణవాయువు ఊదితే తప్ప మేలుకోని వీడియో గేమ్ క్యాసెట్లున్నాయి; వాటి ఫాలభాగాన '9999 ఆటలు' అన్న శాసనం, కడుపులో తిప్పి తిప్పి అవే పది. తన తోక తానే కరుచుకుని చచ్చే పామున్న నోకియా ఉంది. ఆన్ చెయ్యగానే 'అప్‌డేట్' అంటూ తపస్సులోకి వెళ్లి, మనం భోంచేసి వచ్చాక గాని కళ్లు తెరవని కొత్త కన్సోలు ఉంది. కాటాన్ కూడా ఉంది. క్లౌస్ టాయిబర్ అనే జర్మన్ 1995లో లోకానికిచ్చిన మహత్తర క్రీడ, కాదనను. కానీ మా బావగారికి దాని నియమాలు వివరించడం ముగిసేలోగా రెండు కాఫీలు, ఆయనది ఒక నిద్ర పూర్తయ్యాయి.

వీటిల్లో ఏది ఆడినా చెయ్యి తెల్లబడదు. ఆట ముగిశాక వేళ్ల సందుల్లో ఏదో కాస్త మిగలాలి. నా సిద్ధాంతం అంతే.

దుమ్ము తుడవగానే రంగస్థలం తళుక్కుమంది. నలుపక్కలా 74 సెంటీమీటర్ల నిడివితో నున్నని ప్లైవుడ్ మైదానం, చుట్టూ దుర్భేద్యమైన కోటగోడలా నల్లని చట్రం, నాలుగు మూలలా పాతాళానికి దిగే నాలుగు బిలద్వారాలు. ఆ ద్వారం వెడల్పు 4.45 సెంటీమీటర్లు. స్ట్రైకర్‌ది గరిష్ఠంగా 4.13. అంటే మహారథి కూడా కూలిపోవడానికి మూడు మిల్లీమీటర్ల చిల్లర జాగా ఉంచారన్నమాట. ఈ ఆట నియమాలు రాసినవాడెవడో గాని మనిషి అహంకారాన్ని బాగా ఎరిగినవాడు.

తరవాత చూర్ణాభిషేకం. బోరిక్ పౌడర్ డబ్బా అందుకున్న బావగారి హస్తం వింధ్యపర్వతంలా పైకి లేచింది. ఆయనది వసంతోత్సవ సంప్రదాయం: డబ్బా బోర్లించి, నేల కనబడకుండా చల్లి, "జారనీవోయ్" అంటారు. నాది పిసినారి అత్తగారు కూరలో ఉప్పేసే పద్ధతి: చిటికెడు వేసి, అరచేత్తో గుండ్రంగా రుద్ది, మిగిలింది ఊదెయ్యాలి. పౌడర్ ఎక్కువైన బోర్డు మీద కాయిన్ పరిగెత్తదు, ఈదుతుంది. ఈ విషయమై మా ఇద్దరి మధ్య మా అక్క పెళ్లినాటి నుంచి సంధి కుదరలేదు. ఆ రోజూ ఆయనే గెలిచారు. శ్వేతధూళి మేఘమై లేచి, ఫ్యాను గాలికి ప్రదక్షిణం చేసి, చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న మా అమ్మ తలమీద శాంతించింది.

వ్యూహరచన మొదలైంది. నట్టనడుమ రక్తవర్ణశోభిత రెడ్ మహారాణి. ఆమె చుట్టూ ఆరుగురు అంగరక్షకులు. ఆ చుట్టూ పన్నెండుగురి బలగం. తెల్లదొరలు తొమ్మిదిమంది, నల్లవీరులు... ఎనిమిదిమంది. తొమ్మిదో వీరుడు మూడేళ్ల కిందట మా బామ్మర్ది ప్రయోగించిన బ్రహ్మాస్త్రానికి కిటికీ దాటి, పక్కింటి సన్‌షేడ్ మీద పడి, అక్కడే వీరస్వర్గమలంకరించాడు. ఆ ఖాళీ భర్తీ చేయడానికి కిరాయికి కుదుర్చుకున్న యోధుడే బొత్తాం. బావగారి పెళ్లికోటు నుంచి ఊడివచ్చింది. కాకినలుపు, నాలుగు కన్నులు, వాటిలో ఒకదానికి ఇంకా వేలాడుతున్న దారప్పోగు. సిసలైన కాయిన్ అయిదు గ్రాములకు పైబడి తూగుతుంది. ఈ మహానుభావుడు రెండు గ్రాములైనా ఉండడు. తేలికపాటి మనిషికి కోపమెక్కువ అన్నట్టు, తాకితే చాలు ఎగిరేవాడు.

నాకు తోడు బామ్మర్ది. ఎదురు పక్షాన బావగారు, ఆయన కుమారరత్నం. ఈ చిరంజీవి ఫోన్లో క్యారమ్స్ ఆడి లక్షల నాణేలు గడించిన చక్రవర్తి. ఫోను ఆటలో స్ట్రైకర్ ఎటు పోతుందో ముందే గీత గీసి చూపిస్తారు. బాణం ఎవరికి తగులుతుందో ఆకాశవాణి చెప్పాక విల్లెత్తడం నా దృష్టిలో పరాక్రమం కాదు, గుమాస్తాగిరీ. "గీతేదీ మామయ్యా?" అన్నాడు వాడు బోర్డు కేసి వంగి. "నీ కళ్లలో ఉందిరా అల్లుడూ," అన్నాను గంభీరంగా. ఆటకి ముందు సాధన కోసం వాడు కొట్టిన మొదటి దెబ్బకి స్ట్రైకర్ రెండంగుళాలు నడిచి అలిసిపోయింది. వాడు గోరు నోట్లో పెట్టుకున్నాడు.

ఇక బావగారు బాసింపట్టు సడలించి, కుర్చీ అంచుకి జరిగి, ఒక కన్ను మూసి, నాలిక కొస బయటపెట్టారు. "మరియా ఇరుదయం ఇలాగే కూచునేవాడు," అని ప్రకటించారు. తమిళనాడుకి చెందిన ఆ మహావీరుడు 1991లోనూ, 1995లోనూ ప్రపంచ విజేతై, 1996లో అర్జున అవార్డు అందుకున్నవాడు. ఆయనెలా కూర్చునేవాడో నేను చూడలేదు గాని, ఇలా మాత్రం కూచుని ఉండడు.

బోణీ కొట్టింది మాత్రం నేనే. చూపుడువేలు బొటనవేలి వెనక పొంచి, వింటినారిలా బిగిసి, వదిలింది. ఠప్! గాలివానకి నూజివీడు తోటలో మామిడికాయల్లా వ్యూహం చెల్లాచెదురైంది. కాయిన్లు కోటగోడలకు కొట్టుకుని, తిరిగొచ్చి, ఒకరినొకరు ఢీకొని, పుష్కరాల రేవులో తప్పిపోయిన చుట్టాల్లా తలో దిక్కున నిలబడ్డాయి. పాకెట్లో పడింది ఒక్కటే. అది నా స్ట్రైకర్.

ఫైన్ కట్టాను. ఆ తరవాత బోర్డుల సంగతి క్లుప్తంగా చెబుతాను, అందులో మా ప్రతాపం పెద్దగా లేదు. మేనల్లుడి వేలు పదును తేలింది. బావగారి మోచెయ్యి సరిహద్దు దాటిందని రెండుసార్లు, కుర్చీ జరిపారని మూడుసార్లు యుద్ధధర్మ విచారణ జరిగింది. న్యాయాధిపతి పీఠంలో ఉన్న అమ్మ, "ఏమో నాయనా, చిక్కుళ్లు చూసుకుంటున్నా," అని తీర్పు వాయిదా వేసింది. 25కి ఆట. వాళ్లవి 20, మావి 18.

ఆ తరవాతి బోర్డులో మావి రెండు తెల్లవి మిగిలాయి. వాళ్లవి ఒక కాయిన్, ఒక బొత్తాం. రెడ్ మహారాణి నా ఎడమచేతి చట్రానికి ఆనుకుని, అంతఃపురం తలుపు వేసుకున్నట్టుంది. వంతు మేనల్లుడిది. వాడు మహారాణి కేసి చూడనేలేదు. ఎదుటి గోడ కేసి చూశాడు. స్ట్రైకర్ వెళ్లి గోడను ముద్దాడి, వెనుదిరిగి వచ్చి, రెడ్ భుజాన్ని మెల్లగా తట్టింది. ఆమె చట్రం వెంట అలా అలా జారింది. తిరునాళ్లలో రథం మలుపు తిరిగినంత నింపాదిగా బిలద్వారం చేరింది. అంచున ఒక్క క్షణం నిలిచి వెనక్కి చూసింది. మరుక్షణం అంతర్ధానమైంది. "ఫాలో!" అని బావగారు శంఖం పూరించారు. రెడ్ వెంటనే వెయ్యాల్సిన ఆ సొంత కాయిన్ నోటికందేంత దూరంలో ఉంది, వేసేశాడు.

ఇంక బొత్తాం ఒక్కటే. అది పడితే మా రెండు కాయిన్లకు రెండు, రెడ్‌కి మూడు, మొత్తం సరిగ్గా 25. తిన్నని దారి, జానెడు దూరం. నా హృదయం పౌడర్ డబ్బాలా ఖాళీ అయింది. వాడు ఊపిరి బిగించాడు. కాస్త ఎక్కువే బిగించాడు.

స్ట్రైకర్ పిడుగులా వెళ్లి తాకింది. కిరాయి యోధుడు గిర్రున తిరిగాడు, దారప్పోగు ధ్వజంలా రెపరెపలాడుతుండగా నేల విడిచాడు. కోటగోడ దాటాడు. బామ్మర్ది చెవి పక్కనుంచి గరుత్మంతుడిలా సాగి, అమ్మ నోటిదాకా ఎత్తుకున్న మజ్జిగ గ్లాసులో టుభుక్కున మునిగాడు.

"ఏమిట్రా ఇది?" అంది అమ్మ, మజ్జిగ మీసాలతో.

బోర్డు దాటి పడిన కాయిన్‌ని తెచ్చి మధ్యవృత్తంలో పెట్టాలి, అది నియమం. మజ్జిగ ఓడుతున్న బొత్తాన్ని బావగారు రెండువేళ్లతో ఎత్తి, సింహాసనమెక్కించినట్టు మధ్యన కూర్చోబెట్టారు. తుడుద్దామని నేననలేదు. అనకపోవడం నా రాజనీతి. ఆయన ధారాళంగా చల్లిన పౌడరే మజ్జిగతో కలిసి దాని కింద పేస్టై, ఫ్యానుగాలికి ఆరడం మొదలుపెట్టింది. నేను కొట్టాను, తగల్లేదు. బావగారు కొట్టారు, స్ట్రైకరే వెనక్కొచ్చింది. మళ్లీ మేనల్లుడు. బొత్తాం వణికింది, కదల్లేదు. అక్కడే పుట్టినట్టు నిలబడింది. పదకొండు ప్రయోగాలు లెక్కపెట్టాను.

పన్నెండోది కొట్టేలోపు అక్క వచ్చింది. "అన్నం చల్లారిపోతోంది, ఎన్నిసార్లు పిలవాలి?" అంటూ బోర్డు ఒక కొస పట్టుకుని నిలువునా ఎత్తింది. మా రెండు తెల్లవి, స్ట్రైకరు, ఇంత పౌడరు జలజలా బావగారి ఒళ్లోకి రాలాయి.

నిలువెత్తు మైదానం నడిబొడ్డున, నాలుగు కళ్లూ తెరుచుకుని, బొత్తాం అలాగే ఉంది.