పెట్టెద్వయ నిర్ణయం: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

రెండు పెట్టెలందు లెక్కింప వాల్వులు
ఐదె, వాట్లు చూడ నదియు నొకటె
బరువు, వేడి, గొంతు పరికించి కొనవలె
చెవియె సాక్షి గాని చీటి గాదు

ప్రతిపదార్థం: రెండు పెట్టెలందు = ఫెండర్ బ్లూస్ జూనియర్, వాక్స్ ఏసీ15 అనే రెండు గిటారు ఆంపులలో; లెక్కింపన్ = వెనక నుంచి తొంగిచూసి లెక్కపెట్టగా; వాల్వులు ఐదె = వాల్వులు ఐదే; వాట్లు చూడన్ = శక్తి ఎంతని చూస్తే; అదియున్ ఒకటె = అదీ సమానమే, అనగా 15; బరువు = మోసేవాడి నడుముకు తెలిసేది; వేడి = వాల్వుకు సహజగుణం; గొంతు = ధ్వని స్వభావం; పరికించి కొనవలెన్ = చూసుకుని కొనాలి; చెవియె సాక్షి = చెవి ఒక్కటే ప్రమాణం; చీటి కాదు = ధర చీటి ప్రమాణం కాదు.

తాత్పర్యం: లెక్కల్లో సమానంగా కనిపించే రెండు మధ్యరకం ధర ఆంపుల మధ్య తేడా, లెక్కకు అందని చోట వెతకాలని భావం.

విశేషాలు

"రెండు పెట్టెలందు ఐదె" అనడంలో సందిగ్ధత ఉంది. రెండింటికీ కలిపి ఐదు అనుకోరాదు. దేనికది ఐదు: ముందు దశలో 12ఏఎక్స్7 మూడు, స్పీకరును నడిపే చివరి దశలో ఈఎల్84 రెండు. మొదటిదానికి యూరప్‌లో ఈసీసీ83 అనీ, రెండోదానికి అమెరికాలో 6బీక్యూ5 అనీ పర్యాయపదాలు. ఇవి తెలియనివాడు కొట్లో ఉన్న సరుకునే లేదనుకుని తిరిగొస్తాడు.

పాదం మొదట "ఐదె" అని సంధి విడవడం దోషమే. అయితే ఈ పద్యం రాసిన పొల్లాచ్చి కవిది కోయంబత్తూరు సీమ; అక్కడ ఐదు వాల్వులకు ఒక చరిత్ర ఉంది. కలంగల్‌లో తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించాడు. పొల్లాచ్చి కవి ఆ సంఖ్యను గౌరవంతో విడిగా నిలబెట్టాడని సరిపెట్టుకోవచ్చు.

"అదియు నొకటె": 15 వాట్లు పెళ్లి కచేరీకి చాలుతాయా అని శంక. డ్రమ్ములున్న చిన్న హాలుకు చాలుతాయి. కల్యాణమండపంలో ఎలాగూ స్పీకరు ముందు మైకు పెడతారు. అయినా తృప్తి లేక 30 వాట్లది కొన్నవాడికి అదనంగా దక్కేది 3 డెసిబెల్లే. మోత రెట్టింపు కాదు, బాగా పెరిగేది ధర.

"బరువు": బ్లూస్ జూనియర్ సుమారు 14 కిలోలు, అంటే ఇంటి గ్యాస్ బండలో పట్టే గ్యాస్ అంత. ఏసీ15 సుమారు 22. ఆంపు ఇంట్లోనే ఉండేదైతే ఈ పదానికి ప్రయోజనం లేదు. రాత్రి కచేరీ ముగించుకుని కోయంబత్తూరు ఉక్కడం బస్టాండులో పొల్లాచ్చి బస్సెక్కేవాడికి మాత్రం పద్యం మొత్తంలో ఇదే ముఖ్యమైన పదం. కవి దీన్ని పాదం మొదట వేయడం వల్ల అతను బస్సు ప్రయాణికుడని ఊహించవచ్చు.

"వేడి": రెండూ కాలేవే, రెంటినీ గోడకు ఆనించకూడదు. కాబట్టి ఈ పదంతో ఏ నిర్ణయమూ తేలదు. గణం నింపడానికి వేశాడని అనుమానించాలి. అంతకన్నా "తేమ" అని ఉంటే బాగుండేది. జూన్ దాటాక పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలికి నాబుల లోపల, వాల్వు పిన్నుల మీద తేమ చేరి చిటపటలు మొదలవుతాయి. తుడుద్దామని మూత విప్పేవాడు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. ఆ పని మెకానిక్‌కు వదిలేయడమే క్షేమం.

"గొంతు": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఒకే వాల్వులు, ఒకే వాట్లు, రెండింట్లోనూ ఒక్కొక్క 12 అంగుళాల స్పీకరు. మరి గొంతు ఎందుకు మారుతుంది? బ్లూస్ జూనియర్‌లో స్పీకరుకు వెళ్లే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి కలుపుతారు. దీన్ని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. దానివల్ల ధ్వని బిగువుగా, శుభ్రంగా ఉంటుంది. ఏసీ15లో ఆ ఏర్పాటు లేదు. పైగా దాని చివరి వాల్వుల బయాస్ కాథోడ్ దగ్గర రెసిస్టరుతో తనంతట తానే కుదురుకుంటుంది. గట్టిగా మీటితే ధ్వని కొంచెం అణిగి, వెంటనే పైకి లేస్తుంది. వేలి ఒత్తిడి కొద్దీ పలుకు మారుతుంది. ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్‌లో డిక్ డెన్నీ రూపొందించగా 1958లో విడుదలైన ఏసీ15 నుంచి వచ్చిన గుణమిది. ఇప్పటి ఏసీ15 పెట్టెలో నార్మల్, టాప్ బూస్ట్ అని రెండు చానళ్లు, రివర్బ్, ట్రెమొలో కూడా ఉంటాయి. 1995లో వచ్చిన బ్లూస్ జూనియర్‌కు ఒకటే చానల్, స్ప్రింగ్ రివర్బ్, మధ్యస్వరాలను లావుచేసే ఫ్యాట్ మీట.

ఏది మేలు? పెడళ్లను ముందు పెట్టుకుని, పెళ్లిళ్లలో ఇళయరాజా పాటలకు తేటగా తీగలు మీటేవాడికి బ్లూస్ జూనియరే. దాని సొంత గరగర వినదగింది కాదు: మాస్టర్ తగ్గించి వాల్యూమ్ పెంచితే ధ్వని పలచబడుతుంది. పెడళ్లు లేకుండా గిటారు, ఆంపు, మధ్యలో ఒక కేబుల్, అంతే చాలనుకునేవాడికి ఏసీ15. ఈ రెండో రకం మనుషులు తక్కువ. తామే ఆ రకమని అనుకునేవారు ఎక్కువ.

"చెవియె సాక్షి": సాక్షిని సరైన చోట నిలబెట్టాలి. నేల మీది ఆంపు మోకాళ్లకు వాయిస్తుంది; నిలబడినవాడికి పైస్వరాలు మందంగా వినిపించి, ట్రెబుల్ నాబు అనవసరంగా తిప్పిస్తాయి. కొట్లో ఆంపును బల్ల మీద పెట్టించి, సొంత గిటారుతో, ఒకే కేబులుతో రెంటినీ వినాలి. ఇంట్లోవాళ్లు సహించే మోతలో ఒకసారి, కచేరీ మోతలో ఒకసారి. రెండో పరీక్షకు కొట్టు యజమాని ఒప్పుకోకపోతే సాక్ష్యం సగమే.

"చీటి గాదు": ఇక్కడ కవి తొందరపడ్డాడు. ధర చీటి విషయంలో అతని మాట సరే. పెట్టె వెనక మరో చీటి ఉంటుంది, దాని మీద వోల్టులు ఉంటాయి. దానికి చెవి సాక్ష్యం పనికిరాదు. అమెరికా నుంచి బంధువులు చవగ్గా తెచ్చిన పెట్టె మీద 120 అని ఉంటే, మన 230 వోల్టులకు నేరుగా తగిలించరాదు. తగిలిస్తే ఫ్యూజు పోవడం అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోవడం మామూలు. మధ్యలో వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. దాని ధరను చవకలోంచి తీసేయాలి, దాని బరువును మూడో పాదంలోని బరువుకు కలుపుకోవాలి.