వీకెండ్ వడ్రంగి

సోమవారం నుంచి శుక్రవారం దాకా గచ్చిబౌలిలో కోడ్ రాసి, శనివారం పొద్దున్నే పుస్తకాల అలమర చేద్దామని బయల్దేరే పెద్దమనిషే వీకెండ్ వడ్రంగి. ఆయన సరదాకి చోటూ ఉంది: 2023 మార్చి 2న రాయదుర్గంలో, టీ-హబ్ పక్కనే, 78 వేల చదరపు అడుగుల్లో తెరిచిన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రంలో చెక్కపనికీ ఒక విభాగముంది. ఆయన్ని తెలియనివాడని అనడానికి లేదు. ప్లైవుడ్ రకాలు కంఠతా వచ్చు, ఏ బ్లేడుకు ఎన్ని పళ్లో చెప్పగలరు, యూట్యూబు పాఠాలన్నీ రెట్టింపు వేగంతో చూసేశారు. అందుకే నిలువు ప్యానెల్ రంపం ముందు ఆయనకున్న ముప్పు అజ్ఞానం కాదంటాను. ఏళ్ల తరబడి వేళ్లకు అంటుకున్న, చేసింది చెరిపేసే కంట్రోల్-జడ్.

‘ఇందులో షీటు కదలదు కదండీ, భయమేముంది?’ అంటారాయన. సగం నిజమే. ఎనిమిది బై నాలుగు షీటు కాస్త వెనక్కి వాలిన ఫ్రేములో నిలబడి ఉంటుంది, రంపమే పట్టాల మీద పైనుంచి కిందికి దిగుతుంది. 40 కిలోల దాకా తూగే 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌ను ఒక్కడే బల్ల రంపం మీదికి నెట్టడం కంటే ఇది నయం. కానీ అడ్డకోతకు రంపం తల తిప్పి లాక్ చేశాక, చాలా యంత్రాల్లో షీటునే తోయాలి, అదీ బ్లేడు తిరిగే దిశకు ఎదురుగా. తెగిన ముక్కకు ఆధారం లేకపోతే అది జారి, కోత మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు షీటు మొత్తం మనిషి మీదికి ఎగదన్నుతుంది. 210 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 5000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాటితేనే చలానా! పైగా స్విచ్ ఆపగానే బ్లేడు ఆగదు. స్క్రీన్ మీద ప్రోగ్రాం మూసిన చేతికి ఆ కాసేపు ఆగే ఓపిక ఉండదు, ఇరుక్కున్న చెక్కపేడు కోసం వెళ్లిపోతుంది.

ఇక వేషం. కళ్లకు బ్లూ-కట్ అద్దాలు, చెవులకు పాటలు పాడే హెడ్‌ఫోన్, చేతులకు కొత్త గ్లోవ్స్, మెడలో ఐడీ కార్డు ట్యాగు. నాలుగింట్లో ఏదీ పనికిరాదు. గ్లోవ్ బ్లేడుకు తగిలిందంటే చేతిని కూడా లాక్కుపోతుంది. ట్యాగు సంగతి చెప్పనే అక్కర్లేదు: నడుస్తున్న యంత్రానికి నూనె వేసేవాడు బిగుతు బట్టలే వేసుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే రాసింది. అయినా ఆయన ట్యాగు తీయరు, ఆదివారం బిర్యానీకి వెళ్లినా తీయరు. అసలు పెట్టుకోవాల్సిన మాస్కు మాత్రం బ్యాగులోనే ఉంటుంది. చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో మొదటి గ్రూపులో చేర్చింది.

‘మరి ఫర్నిచర్ షాపులో మేస్త్రి హవాయి చెప్పులతోనే కోస్తాడుగా?’ కోస్తాడు. అది ఆదర్శమని మేస్త్రి కూడా అనడు. కాకపోతే మోటారు గొంతు మారగానే అతని చెయ్యి దానంతటదే ఆగుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవారికి ఆ గొంతు వినపడదు. విచిత్రమేమిటంటే, శుక్రవారం సాయంత్రం కోడ్ లైవ్‌లో పెట్టనని భీష్మించేది ఈయనే. రెండో మనిషి చూడందే ఒక్క లైనూ కలపనిదీ ఈయనే. ఆ చాదస్తాన్ని రంపం దాకా తెస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి: లాక్ పడిందా, గార్డు ఉందా, ముక్కకు ఆధారముందా, బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకామా.

ఆయనకు అంతకంటే నచ్చే దారి వేరే ఉంది: సెన్సర్. వేలు తగలగానే కొన్ని మిల్లీసెకన్లలో బ్లేడును ఆపే ఏర్పాటు కొన్ని బల్ల రంపాలకు నిజంగానే ఉంది. కానీ అది పనిచేసిన ప్రతిసారీ బ్రేకు కార్ట్రిడ్జ్ కొత్తది వేయాలి, బ్లేడూ సాధారణంగా పాడవుతుంది. తడి చెక్క తగిలినా అది వేలే అనుకోవచ్చు. ఇదంతా శ్రద్ధగా విని, కార్ట్రిడ్జ్ బిల్లు ఆఫీసు వెల్‌నెస్ అలవెన్సులో క్లెయిమ్ చేసుకోవచ్చా అని అడుగుతారు.