గుండె కూడా కండరమే

నేను టెస్టోస్టిరాన్ సూదిమందు సీసాను. నూనెలో కలిపిన పురుష హార్మోను నాలో ఉంటుంది. దాన్ని 1935లో రసాయన శాస్త్రవేత్తలు బ్యూటెనాంట్, రుజిచ్కాల ప్రయోగశాలల్లో తయారు చేశారు; 1939లో రసాయనశాస్త్ర నోబెల్ ఆ ఇద్దరికే దక్కింది. ఒంట్లో ఆ హార్మోను తగినంత ఊరని మగవాళ్లకు డాక్టరు రక్తపరీక్ష చూసి, మోతాదు కట్టి ఇస్తే నేను మందును. మన దేశంలో నన్ను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా జిమ్ముల్లో చాటుగా చేతులు మారుతున్నాను. మేలు చేయాల్సిన నేను అక్కడ ఎందుకు కీడు చేస్తానో నేనే చెప్పాలి.

నేను కండ పెంచనని అబద్ధమాడను. 1996లో అమెరికాలో జరిగిన పరిశోధనలో ఆరోగ్యవంతులైన మగవాళ్లకు వారానికి 600 మిల్లీగ్రాముల చొప్పున పది వారాలు ఇచ్చారు. దాంతోపాటు బరువులెత్తినవాళ్లకు కొవ్వు కాక మిగతా ఒంటి బరువు సగటున ఆరు కిలోలు పెరిగింది. ‘వాళ్లకేమీ కాలేదుగా’ అని నన్ను వాడేవాళ్లు వాదిస్తారు. కానీ అది వైద్యుల కనుసన్నల్లో, ఒకే మందుతో, పది వారాల్లో ముగిసిన ప్రయోగం. జిమ్ముల్లో నన్ను మరో రెండు మూడు స్టెరాయిడ్లతో కలిపి ఏళ్ల తరబడి ఎక్కించుకుంటారు. పది వారాల ఫలితం ఏళ్ల వాడకానికి హామీ కాదు.

ఆ ఏళ్ల లెక్క 2017లో అమెరికాలోనే తేలింది. బరువులెత్తే 140 మందిని పరీక్షిస్తే, స్టెరాయిడ్లు వాడిన 86 మందిలో గుండె ఎడమ కింది గది ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో సగటున 52 శాతాన్నే బయటికి నెట్టింది. వాడనివాళ్లలో అది 63 శాతం. రెండు వర్గాలూ బరువులెత్తేవే కాబట్టి తప్పు వ్యాయామానిదనలేం. వాడకం ఎన్నేళ్లు సాగితే గుండె ధమనుల్లో పూడిక అంత ఎక్కువగా కనిపించింది. కారణాలూ తెలిసినవే: మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది, ఎర్రకణాలు ఎక్కువై రక్తం చిక్కబడుతుంది, గుండె గోడ మందమై బిరుసెక్కుతుంది. డెన్మార్క్ జిమ్ముల్లో పట్టుబడిన స్టెరాయిడ్ వాడకందార్లలో మరణాల రేటు సాటి మగవాళ్లకంటే దాదాపు మూడు రెట్లుందని 2024లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

‘సైకిల్ అయ్యాక ఆపేస్తాం కదా’ అన్నది మరో వాదన; కొన్ని వారాలు వరసగా వాడి ఆపడాన్ని వాళ్లు సైకిల్ అంటారు. ఆపితే గుండె కొంత కోలుకోవచ్చు. ధమనుల్లో పేరుకున్న పూడిక మాత్రం అలా కరిగిపోదు. నేను బయటి నుంచి వస్తున్నంతకాలం మెదడు వృషణాలకు ఆజ్ఞలివ్వడం మానేస్తుంది. అవి కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి. తిరిగి కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో నీరసం, దిగులు కమ్మి మళ్లీ నన్నే వెతికిస్తాయి. ‘నా ఒళ్లు నా ఇష్టం’ అనేవారికి ఒకటే జవాబు: చాటున కొన్న సీసాలో నిజంగా ఏముందో, ఎంతుందో తెలియనప్పుడు అది ఎంపిక కాదు, జూదం.

కండలు కోరడం తప్పు కాదు. తిండి, నిద్ర, కసరత్తుతో అవి ఆలస్యంగానైనా వస్తాయి. ఇప్పటికే నన్ను వాడుతున్నవాళ్లు సిగ్గుపడి దాచకండి. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి, గుండెకు ఎకో, రక్తానికి పరీక్షలు చేయించుకోండి. కోచ్‌లారా, మిమ్మల్ని నమ్మి వచ్చిన కుర్రాళ్ల చేతికి నన్ను ఇవ్వకండి.