నారుమడి పొయ్యి

ఈ గ్రీన్‌హౌస్‌లో నాకంటే ముందొచ్చింది ప్రొపేన్ హీటరు. పైన ఇనప కమాన్లకు వేలాడుతూ ఉంటుంది. థర్మోస్టాట్ చెబితే వెలుగుతుంది, చాలంటే ఆరిపోతుంది. బయట ట్యాంకులో గ్యాసున్నంత కాలం దాని మొహం చూడాల్సిన పని ఎవరికీ లేదు. నా సంగతి అలా కాదు. రోజూ బూడిద తీయాలి, తొట్టి నింపాలి, పొగగొట్టం పట్టేసిందేమో చూసుకోవాలి. ఇంత చాకిరీ చేయించుకునే పొయ్యిని మా రైతు దంపతులు కొని తెచ్చుకున్నారంటే ప్రొపేన్ బిల్లు వాళ్లనెంత భయపెట్టిందో ఊహించుకోండి.

మాది అమెరికా ఈశాన్య మూల ఉన్న వెర్మాంట్ రాష్ట్రం. నాలుగింట మూడొంతులు అడవే. ఫిబ్రవరి రాత్రి బయట మైనస్ 20 డిగ్రీలుండటం ఇక్కడ మామూలు. అలాంటప్పుడే లోపల టమాటా విత్తనం పడాలి. పడకపోతే పక్కూరి రైతు సంతకు పండు తెచ్చాక గానీ మావాళ్ల మొక్కలు పూతకు రావు. 2008 జులైలో ముడిచమురు బ్యారెల్ 147 డాలర్లు దాటింది, దాంతోపాటే ప్రొపేనూ ఎగిరింది. కట్టెలతో, పెల్లెట్లతో, మొక్కజొన్నతో గ్రీన్‌హౌస్‌లు వెచ్చబెట్టుకోవచ్చని వెర్మాంట్ విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణ విభాగం వాళ్లు, అందులో కూరగాయల నిపుణుడు వెర్న్ గ్రూబింగర్, చిన్న రైతులకు నచ్చజెబుతున్న రోజులవి. నేనొచ్చింది ఆ ఊపులోనే.

మొదట్లో నా తిండి మొక్కజొన్న గింజలు. అదీ మావాళ్ల చేలో పండిందే. మనుషులు తినే గింజను మంటలో పోస్తారా అని మీకు ఒళ్లు మండొచ్చు. ఆ మాట ఇక్కడివాళ్లూ అన్నారు. నా మట్టుకు నాకు బాధ వేరు. గింజలో ఉండే పొటాషియం, సిలికా లాంటివి నిప్పుల గిన్నెలో కరిగి, ముద్దకట్టి, చల్లారగానే గాజు పెంకులా బిగుసుకుంటాయి. గిన్నె అడుగున గాలి బెజ్జాలు మూసుకుపోతాయి, మంట గుడ్డిదైపోయి పొగ చిమ్ముతుంది. మా రైతు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వచ్చి, ఇనప కడ్డీతో ఆ చిట్టెం పొడిచి పొడిచి ఊడదీసేవాడు. తర్వాత ఎవరో చెబితే కోళ్లకు పెట్టే ఆల్చిప్పల పొడి కాస్త గింజల్లో కలిపారు. సున్నం చేరితే బూడిద అంత తొందరగా కరగదట. నిజమే, చిట్టెం పొడిపొడిగా రాలడం మొదలైంది. ఈలోగా ఇథనాల్ కర్మాగారాలు ఎగబడి కొనడంతో మొక్కజొన్న ధర పెరిగిపోయింది. తగలబెట్టడం కంటే అమ్ముకోవడమే లాభమైంది. నా తొట్టిలోకి పెల్లెట్లు వచ్చాయి.

పెల్లెట్ అంటే రంపపు పొట్టును ఒత్తి చేసిన గుళిక. చిటికెన వేలికంటే సన్నం. జిగురేమీ కలపరు, ఒత్తిడికి, వేడికి చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థమే మెత్తబడి పట్టి ఉంచుతుంది. పచ్చి కట్టె బరువులో సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి కావడానికే కొంత మంట ఖర్చయిపోతుంది. పెల్లెట్‌లో తేమ పదో వంతు కూడా ఉండదు. టన్ను పెల్లెట్లలో సుమారు 700 లీటర్ల ప్రొపేన్‌కి సరిపడా వేడి ఉంది. బూడిదా తక్కువే, నూటికి ఒక పాలు మించదు. మీ తెలుగునాట రైసు మిల్లుల్లో బాయిలర్లు ఊక తింటాయి కదా, వాటి కింద ఐదో వంతు బూడిదే పోగుపడుతుంది. ఆ లెక్కన నేను అదృష్టవంతురాలిని. అయితే పెల్లెట్‌కి తడి పనికిరాదు. ఒకసారి కప్పు నుంచి కారిన నీటిచుక్కలు తెరిచి ఉంచిన సంచిలో పడ్డాయి. తెల్లారేసరికి గుళికలన్నీ ఉబ్బి మళ్లీ పొట్టయిపోయాయి. అది చూడకుండా తొట్టిలో కుమ్మరిస్తే అడుగున తిరిగే స్క్రూ బిగుసుకుపోయింది. ఆవిడ మోచేతి దాకా చెయ్యి పెట్టి పిడికెడు పిడికెడు తోడింది.

నేను గాలిని వేడి చేయను, నీళ్లను కాస్తాను. నా పక్కన వెయ్యి లీటర్ల పీపా ఉంది. అందులోంచి వేడినీళ్లు నారు బల్లల కింద పరిచిన సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగొస్తాయి. ట్రేలలోని మట్టి 22 డిగ్రీలు, పైన గాలి 13 డిగ్రీలు. టమాటా నారుకి వేరు వెచ్చగా ఉంటే చాలు, తల కాస్త చల్లగా ఉన్నా ఓర్చుకుంటుంది. ప్రొపేన్ హీటరు చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని: వేడిగాలి వదులుతుంది, అది కప్పుకి ఎక్కుతుంది, ఎక్కి ప్లాస్టిక్ మీది మంచును కరిగిస్తుంది. నన్నడిగితే మా ఇంట్లో ఆదా అయిన డబ్బులో పెల్లెట్ వాటా ఎంతో, వేడిని కిందకు దించిన ఆ గొట్టాల వాటా కూడా అంతే. పేరు మాత్రం నాకొచ్చింది.

ఇక కరెంటు. చెక్క తినే పొయ్యికి కరెంటుతో పనేమిటంటారా? స్క్రూ తిరగాలన్నా, గాలి ఊదాలన్నా, నీళ్లు పారాలన్నా అదే దిక్కు. ఒక మంచుతుఫాను రాత్రి తీగలు తెగిపోయాయి. నేను ఆగిపోయాను. పీపాలో నీళ్లు కుతకుతలాడుతున్నాయి, కానీ వాటిని తోసే పంపు లేదు. పైన వేలాడే దొరగారైనా ఆదుకుంటారనుకుంటే, ఆయన ఫ్యానుకీ కరెంటే కావాలి! బ్యాటరీ అలారం ఇంటికి ఫోను కొట్టింది. మా రైతు మోకాళ్ల లోతు మంచులో జనరేటరు లాక్కుంటూ వచ్చేసరికి తలుపు దగ్గరి వరసలో మిరప నారు వాలిపోయింది. టమాటా బతికింది.

చెట్లు నరికి మంట పెడుతూ పర్యావరణం అంటారేమిటని ఈమధ్య ఒక విద్యార్థి నా ముందే నిలబడి మా యజమానురాలిని నిలదీసింది. కోతమిల్లులో మిగిలిన పొట్టు కాల్చినంత వరకు నాకు తల వంచుకునే పని లేదు. పొట్టు చాలక నిలువు చెట్లను గుళికలు చేయడం మొదలైతే ఆ పిల్ల అడిగిందానికి నా దగ్గరా జవాబు లేదు. ఆవిడ మాత్రం బూడిద బకెట్టు చూపించి, ఇది మా పొలంలోకే పోతుంది, పొటాష్ కొనే పని కొంత తప్పింది అంది. ఇక్కడివి ఆమ్ల నేలలు కాబట్టి ఆ బూడిదలోని సున్నమూ పనికొస్తుంది. అడిగినదానికి అది జవాబు కాదనుకోండి.

మే నెలలో నన్ను ఆర్పేస్తారు. తొట్టి ఖాళీ చేసి, గొట్టంలో మసి దులిపి, వచ్చే చలికాలానికి పెల్లెట్లు ఎండాకాలంలోనే కొని పెడతారు. అప్పుడైతే ధర తక్కువ. ఈ ఏడు డబ్బు కాస్త మిగిలింది, దాంతోపాటే వాదన మొదలైంది. సంచులు మోసి నడుం పోయింది, బయట పెద్ద గాదె కట్టించి పెల్లెట్లు వాటంతటవే తొట్టిలో పడేలా చేద్దామంటాడు ఆయన. ముందు రాత్రిపూట నారు మీదకు లాగే తెర కొందాం, ఉత్తరం వైపు సందులు మూద్దాం, అప్పుడు మోయాల్సిన సంచులే తగ్గుతాయి అంటుంది ఆవిడ. నా తిండికి కోత పడుతుందని తెలిసినా నా ఓటు ఆవిడకే. నన్నెవరూ అడగలేదు. తెర ధర కనుక్కోవడానికి మాత్రం ఆవిడ నిన్ననే ఫోను చేసింది.